నిన్నటి పచ్చ

తిరుగుతోంది, ఇంకా తిరుగుతూనే ఉంది ఆ నీలం చక్రం, తెర మధ్యలో, పనీపాటా లేనివాడిలా. దాన్ని చూస్తూ కూర్చుంటే తొందరగా ఆగుతుందా, ఆగదు, ఆ సంగతి ఆమెకి తెలుసు, అయినా చూస్తోంది, చూడకపోతే చెయ్యి ఊరుకోదు, చెయ్యి మౌసు మీదికి పోతుంది, మౌసు ఆ టిక్కు మీదికి పోతుంది, ఆ టిక్కు ముట్టుకోవద్దని ఇదే ఆఫీసులో పనిచేసే వదిన చెప్పింది. నేను మీటింగు నుంచి వచ్చేదాకా దాన్ని కదపకు, వచ్చాక కూర్చుని మాట్లాడుకుందాం, అంది, అనేసి అద్దాల గదిలోకి పోయి తలుపేసుకుంది. ఏం మాట్లాడుకుంటాం? టెస్టులు ఇంకో గంటలో అయిపోతాయి, అవగానే రిపోర్టు దానంతటదే ఆ సైటుకి వెళ్ళిపోతుంది, ప్రోగ్రాంలో నూటికి ఎంత భాగాన్ని టెస్టులు చూశాయో సైటు లెక్క చూసి అంకె వేస్తుంది, అంకె తొంభై దాటితే పచ్చ బిళ్ళ పడుతుంది, పచ్చ బిళ్ళ పడితే కొత్త ప్రోగ్రాం సాయంత్రానికల్లా కంపెనీ చేతిలో ఉన్న ప్రతి లిఫ్టులోకీ దిగిపోతుంది, ఎన్ని ఇళ్ళు, ఎన్ని ఆఫీసులు, ఎన్ని ఆసుపత్రులు. పెళ్ళయిపోయాక ముహూర్తం మాట్లాడుకున్నట్టుంటుంది అప్పుడు. కాఫీ చల్లారిపోయింది. పైన తొరక కట్టింది. కట్టనీ.

ఒళ్ళు మండిపోతోంది ఆమెకి. పొద్దుట్నుంచీ మండుతోంది, కానీ ఎవరి మీద మండాలో తెలియక, దొరికిన వాళ్ళందరి మీదా కొంచెం కొంచెంగా మండుతోంది, కాఫీ మెషీను మీద, పక్క కుర్చీలో చెవుల్లో పాటలు పెట్టుకుని కాళ్ళూపుతున్న డిజైనర్ మీద, మేనేజర్ మీద. మేనేజర్‌కి తొంభై గారు అని పేరు, వదిన పెట్టిన పేరే, మనిషి ఏ మీటింగుకొచ్చినా మొదటి మాట తొంభై దాటిందా, ఆఖరి మాట తొంభై దాటిందా, మధ్యలో మాటలుండవు. ఆమెకీ ఓ పేరుంది ఆఫీసులో, ఎర్రగీత. ఆ పేరు ఊరికే రాలేదు. ప్రోగ్రాంలో ఏ వరసని టెస్టు ఒక్కసారైనా నడిపించి చూసిందో ఆ వరసకి సైటు పచ్చ రంగు వేస్తుంది, ఏ వరస జోలికీ ఏ టెస్టూ పోలేదో దానికి ఎరుపు వేస్తుంది. అందరూ పైన అంకె చూసి ట్యాబు మూసేస్తారు, ఈమె ఒక్కతే లోపలికెళ్ళి ఒక్కో ఫైలూ విప్పి ఎర్ర వరసలు వెతికి, ఇదెవరిది, ఇదెందుకు చూడలేదు అని ప్రాణాలు తోడేస్తుంది. అదిగో ఎర్రగీత వస్తోంది, దాక్కోండి, అంటారు. నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. నవ్వేది ఇన్నాళ్ళూ.

అమ్మ నేర్పిన జబ్బు అది. చిన్నప్పుడు ఇల్లు ఊడవమంటే గది మధ్యలో నాలుగు సార్లు చీపురు ఆడించి అయిపోయిందమ్మా అని అరిచేది, అమ్మ వచ్చి, వంగి మంచం కింద వేలితో ఓ గీత గీసి, ఆ వేలు తెచ్చి ఈమె ముక్కుకి రాసేది. ఏమే, నీ చీపురికి మంచం కింద చుట్టాలెవరూ లేరా? అనేది. ముక్కు మీద నల్లటి దుమ్ము. అన్నయ్య పడీపడీ నవ్వేవాడు. తర్వాత తర్వాత అమ్మ వేలు పెట్టడానికి చోటు లేకుండా ఊడ్చేది ఆమె, పంతానికి, అమ్మ అప్పుడు కూడా వంగి చూసేది, ఏమీ దొరక్క నడుం పట్టుకుని లేచి, సరేలే, అనేది. ఆ సరేలే కోసం చచ్చేది. ఇప్పుడు అమ్మ వంగలేదు, మోకాళ్ళు పట్టేశాయి, చేతికర్ర లేకుండా వంటింటిదాకా కూడా రాలేదు. చేతికర్ర. మళ్ళీ అక్కడికే వచ్చింది ఆలోచన, ఎటు తిప్పినా అక్కడికే.

క్రితం వారం అమ్మా, వదినా కలిసి బయటికెళ్ళి ఇంటికొస్తుంటే జరిగింది. వాళ్ళ అపార్ట్‌మెంటు లిఫ్టే. ఆ లిఫ్టులో, ఈ ఆఫీసు లిఫ్టులో కొత్త ప్రోగ్రాం నెల ముందే వేశారు, ముందు మనమే వాడి చూద్దాం అని తొంభై గారి ఆలోచన, కొత్తదాంట్లో గొప్పేమిటయ్యా అంటే తలుపులు త్వరగా మూసుకుంటాయి, జనానికి ఆగే ఓపిక లేదు కదా. అమ్మకి ఎప్పుడూ ఉన్న అలవాటే, తలుపు మూసుకోబోతుంటే కర్ర కొస అడ్డం పెడుతుంది, ఎవరైనా వస్తున్నారేమోనని. తలుపు కర్రకి తగిలి ఆగి తెరుచుకోవాలి. ఆగలేదు. కర్రని పట్టుకుని మూసుకుంది, మూసుకుని పైకి కదిలింది, కర్ర అమ్మ చేతిలో గిరుక్కున తిరిగి అరచెయ్యి గీరుకుపోయింది, కొస విరిగింది. అంతే, చిన్నదే, రక్తం కూడా పెద్దగా రాలేదు. ఇంటికొచ్చాక అమ్మే నవ్వుతూ చెప్పింది, ఇన్నాళ్ళకి నా కర్రకీ ఓ గట్టి శత్రువు దొరికిందే, అని. అన్నయ్య కర్రకి నల్ల టేపు చుట్టి ఇచ్చాడు. వదిన అమ్మ అరచేతికి మందు రాస్తూ కూర్చుంది, చాలాసేపు రాసింది, రాసిన చోటే మళ్ళీ రాసింది. తలుపు సెన్సారుకి దుమ్ము పట్టి ఉంటుంది అత్తయ్యా, మెకానిక్‌కి చెప్తాలే, అంది. ఈమెకి అప్పుడు అదేమీ అనిపించలేదు. వదిన మాట. వదిన చెప్పిందంటే అంతే.

వదిన చెప్పిందంటే అంతే, అని ఎన్నేళ్ళు బతికింది ఈమె. అన్నయ్య పెళ్ళయి వదిన ఇంటికొచ్చిన కొత్తల్లో ఈమె ఏ ఉద్యోగమూ నచ్చక గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుని ఉండేది, వదిన ఆఫీసు నుంచి వచ్చి భోజనాల బల్ల మీద కంప్యూటరు తెరిచి, రావే ఇలా, ఊరికే కూర్చుని మీ అన్నయ్య మీద చాడీలు చెప్పే బదులు ఇది నేర్చుకో, అనేది. టెస్టు రాయడం వదినే నేర్పింది. మొదటి టెస్టు రాసి చూపిస్తే నవ్వింది, ఇది చూడు, నీ టెస్టు తలుపుని తెరిచింది, మూసింది, బాగుంది, కానీ తెరుచుకుందో లేదో ఎక్కడ అడిగావు? ముట్టుకుంటే చూసినట్టు కాదు తల్లీ, చూస్తే అడిగినట్టు కాదు, అడిగితే విన్నట్టు కాదు, అంది. అమ్మ వేలే ఆ మాట. ఈమెకి అప్పట్నుంచీ వదినంటే పిచ్చి. అన్నయ్యతో వదిన పోట్లాడినప్పుడల్లా ఈమె వదిన పక్షం, అన్నయ్య తల పట్టుకునేవాడు, నా ఇంట్లో నాకు ఓటే లేదురా బాబూ, అని. ఓ పాత కంపెనీలో సంతకం పెట్టమంటే పెట్టనని, ఆ ప్రోగ్రాం నేను చూడలేదు, చూడనిది చూశానని రాయను అని, వదిన ఉద్యోగం వదిలేసుకుని వచ్చింది. ఆ రోజు ఈమె వదినకి ఎదురెళ్ళి కావలించుకుంది. ఆ వదినే. ఆ గదిలో కూర్చున్నది ఆ వదినే, ఇంకెవరో కాదు.

తిరుగుతోంది. చక్రం పక్కన సగం దాటినట్టు చూపిస్తోంది. ఫోను మోగింది, ఏదో బ్యాంకు, కట్ చేసింది.

నిన్న మధ్యాహ్నం ఎందుకు తెరిచింది ఆ తలుపు ఫైలు? ఏమీ లేదు, కర్ర. ఊరికే చూద్దామని, తలుపులో సన్నటిదేదైనా ఇరుక్కుంటే ఏం చెయ్యాలో రాసిన వరసలు ఎక్కడున్నాయో, వాటిని టెస్టు చూసిందో లేదో. తెరిచింది. అంతా పచ్చ, పై నుంచి కింద దాకా, వాన పడ్డాక పెరిగిన గడ్డిలా పచ్చ. మరి ఆగలేదేం? వరస వరసా చదివింది. చదువుతుంటే ఓ చోట కన్ను ఆగింది. ఎవరో ప్రోగ్రాంలో ఓ మాట రాసిపెట్టుకున్నారు, 'ఇది తర్వాత సరిచెయ్యాలి' అని, అది మెషీను చదివే వరస కాదు, మనుషులు తమకోసం రాసుకునే మాట, దాన్ని టెస్టు నడిపించడమనేదే ఉండదు. ఆ మాట పచ్చగా ఉంది. దాని కింద ఖాళీ వరస, అదీ పచ్చ. ఖాళీని ఎవరు నడిపించారు? గాలినా టెస్టు చేశారు? ఇంకా కిందికి పోతే అసలైన వరస ఒకటి, అడ్డు తగిలితే ఆగు అనే వరస, దానికి ఏ రంగూ లేదు. రంగులన్నీ జారిపోయాయి. ఎవరో ఒకరి చొక్కా తెచ్చి ఇంకొకరికి తొడిగినట్టు, పాత ప్రోగ్రాం రంగులు కొత్త ప్రోగ్రాం మీద పరిచి ఉన్నాయి. అప్పుడు కనబడింది, తలుపు అని రాసిన చోట అంకె పక్కన, చిన్న బూడిద రంగు గడియారం బొమ్మ. అంత చిన్నది. దాని మీద మౌసు పెడితే చెప్పింది, ఈ భాగానికి కొత్త రిపోర్టు రాలేదు, పాత అంకెనే కొనసాగిస్తున్నాం. ఎప్పటిది పాతది? చలికాలం నాటిది. ఇప్పుడు కిటికీలో ఎండ కళ్ళలో పొడుస్తోంది.

చలికాలం నుంచీ తలుపుని ఎవరూ చూడలేదు. రోజూ అందరూ మిగతా భాగాల రిపోర్టులు పంపుతున్నారు, మోటారుది, బటన్లది, అంతస్తుల లెక్కది, తలుపుది మాత్రం రావడం లేదు, రాని చోట ఆ మహానుభావపు సైటు నిన్నటి అంకె పెట్టుకుంటోంది, నిన్న మొన్నటిది పెట్టుకుంది, మొన్న అటుమొన్నటిది. బడికి రాని పిల్లాడికి రోజూ హాజరు వేసినట్టు. ఎందుకు రావడం లేదో ఆమెకి అడగక్కర్లేదు. తలుపు టెస్టులు ఊరికే కంప్యూటర్లో నడిచేవి కావు, నిజం తలుపు కావాలి, నిజం మోటారు కావాలి, ఆ తలుపు ఇదిగో ఇప్పుడు వదిన కూర్చున్న ఆ అద్దాల గదిలోనే ఉండేది. దాని దగ్గర ఓ మెకానిక్ ఉండేవాడు, తలుపుల మావయ్య అనేవారు అందరూ, నోరు తెరిస్తే రాజకీయాలు, మనిషి చెప్పేవాటిలో సగం అబద్ధాలు, కానీ తలుపులో పెట్టడానికి ఏది దొరికితే అది పెట్టేవాడు, గొడుగు, చెప్పు, కుక్క తాడు, ఓసారి తొంభై గారి టై కొస కూడా పెట్టాడు, తొంభై గారు మెడలో వేసుకుని ఉండగానే. తర్వాత పెద్ద కస్టమర్లు వస్తున్నారు, కూర్చోబెట్టడానికి మంచి గది లేదు అన్నారు, గోడలకి అద్దాలు, సోఫాలు, ఇంత పొడుగు టీవీ, తలుపుని ఊడదీసి కింద పార్కింగులో టార్పాలిన్ కప్పి పెట్టారు, వారంలో వేరే చోట బిగిస్తాం అన్నారు. మావయ్య కొన్నాళ్ళు చూసి ఇంకో కంపెనీకి పోయాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత. సోఫాలు మాత్రం మెత్తగా ఉంటాయి.

పాతదాన్నే కొనసాగించు అనే టిక్కు పెట్టింది వదిన. సెట్టింగుల్లో రాసి ఉంది, పెట్టినవారు అని, వదిన పేరు. అది చూసినప్పుడు కూడా ఆమెకి కోపం రాలేదు నిజానికి. పాపం వారం రోజుల పనికి పెట్టి ఉంటుంది, తలుపు బిగించేదాకా రోజూ ఎర్ర బిళ్ళ పడుతుంటే తొంభై గారు బతకనివ్వడు కదా, పెట్టి మర్చిపోయింది, ఎన్ని పనులు మనిషికి, అనుకుంది. పొద్దున్నే నవ్వుతూనే వెళ్ళి చెప్పింది, వదినా, నీ తలుపు చలికాలంలోనే నిద్రపోయింది, ఇదిగో చూడు, అని. వదిన చూసింది. చూసి, ఇదెవరికి చెప్పావు, అంది. ముందు ఆ మాటే అంది. ఎప్పుడు కనిపెట్టావు అనలేదు, అయ్యో అనలేదు, ఇదెవరికి చెప్పావు. అప్పుడు మొదలైంది మంట. ఎవరికీ చెప్పలేదు, టిక్కు తీసేద్దాం, నిజం అంకె పడనీ, తలుపు బిగించి చూశాకే పంపుదాం అంటే, వదిన గొంతు తగ్గించి, ఇవాళ అది ఎర్రబడితే ఈ కస్టమరు పోతాడే, ఈ కస్టమరు పోతే మన టీమే ఉండదు, నీ కుర్చీ ఉండదు, నా కుర్చీ ఉండదు, వచ్చే వారం తలుపు బిగిస్తారు, నేను మాటిస్తున్నాను, అంది. తలుపు బిగించేది వచ్చే వారం, ప్రోగ్రాం వెళ్ళేది ఇవాళ. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇది కాదా వదినా అని అడగబోయింది, అప్పటికే కస్టమర్లు కిందికొచ్చేశారని కబురొచ్చింది.

మెట్లెక్కి వచ్చారు. వాళ్ళని వదినే కిందికి వెళ్ళి మెట్ల మీదుగా తీసుకొచ్చింది, దారిలో మా ఆఫీసంతా చూడొచ్చు అంటూ. ఈ వారం వదినకి మెట్ల పిచ్చి పట్టుకుంది. బరువు తగ్గాలే, నీలా కాదు నేను, నీళ్ళు తాగినా లావవుతాను, అని పొద్దున్నే కింద గుమ్మంలో తన బ్యాగు ఈమె భుజానికి తగిలించి, నువ్వు లిఫ్టులో రా, ఎవరు ముందొస్తారో చూద్దాం, అని పరిగెత్తేది, ఆ వయసులో, ఆయాసపడుతూ, నవ్వుతూ. ఇప్పుడు సన్నబడి ఎవరిని మెప్పించాలి వదినా, అన్నయ్యకి కళ్ళజోడు వచ్చేసింది, అని ఈమె ఏడిపించేది. బాగుండేది. రెండు బ్యాగులు, రెండు పట్టీలు వేలాడుతూ, లిఫ్టులో ఒక్కతే పైకొస్తూ, వదిన ఏ అంతస్తు దాకా వచ్చుంటుందో అని నవ్వుకునేది.

అద్దాల అవతల వదిన నిలబడి టీవీ చూపిస్తోంది. మాటలు వినబడవు. టీవీలో ఆ సైటే, ఆ పేజీయే, పైన పెద్ద పచ్చ బిళ్ళ, నిన్నటిది. కస్టమరు ముఖం మీద పచ్చ వెలుగు. తొంభై గారు సోఫా అంచు మీద కూర్చుని తల ఊపుతున్నాడు. కొత్తది ఇప్పుడే వచ్చేస్తుంది, మీ కళ్ళ ముందే చూడండి, అని చెప్తున్నట్టుంది వదిన చెయ్యి. పైన పటారం లోన లొటారం. ఆ చెయ్యే అమ్మ అరచేతికి మందు రాసింది. ఈమెకి ఏడుపు రావాలి, రావడం లేదు, కోపమే వస్తోంది, కోపం వెనక కూడా కోపమే ఉంది. వదిన మర్చిపోయింది, భయపడింది, తప్పు చేస్తోంది, కానీ వదిన. ఎదురు తిరిగితే రాత్రికి ఒకే బల్ల దగ్గర కూర్చుని అన్నం తినాలి, అన్నయ్య అడుగుతాడు ఏమైంది మీ ఇద్దరికీ అని, అమ్మ ఇద్దరి ముఖాలూ చూస్తుంది. గంట ఓపిక పట్టలేనా, వదిన వచ్చి మాట్లాడుతుందేమో, తనే తీసేస్తుందేమో, ఆ పాత కంపెనీలో సంతకం పెట్టని మనిషి, లోపల ఎక్కడో ఉండే ఉంటుంది కదా ఆ మనిషి. మౌసు మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది ఆమె.

ఫోను మళ్ళీ మోగింది. అమ్మ.

"ఏమే, పనిలో ఉన్నావా?" అంది అమ్మ. రొప్పుతోంది.

"ఉన్నాను. ఏంటమ్మా ఆ ఆయాసం?"

"ఏం లేదే, కింద కొట్లో సబ్బులు తెచ్చుకుందామని దిగి, ఇప్పుడే పైకొచ్చా. కూర్చున్నాలే. వచ్చేటప్పుడు నా మోకాలి నూనె తెస్తావని చేశా, అయిపోయింది."

"లిఫ్టు పనిచెయ్యట్లేదా?"

"పనిచేస్తోంది. నేనే ఎక్కట్లేదు. కర్ర విరిగిన రోజు నుంచీ మెట్లే. మీ వదిన ఒట్టు వేయించుకుందిగా, లిఫ్టు ఎక్కొద్దు అత్తయ్యా, మెల్లగా మెట్లు దిగండి, ఎంతసేపైనా పట్టనీ అని. మీ అన్నయ్యకీ చెప్పింది, మనవరాల్నీ ఎక్కనివ్వట్లేదు. ఎంత ప్రేమే దానికి, నా కడుపున పుట్టినదానికి కూడా అంత లేదు." నవ్వింది అమ్మ. "అయితే ఎవరికీ చెప్పొద్దంది, అపార్ట్‌మెంటులో అందరూ ఊరికే కంగారు పడతారని. నేను మాత్రం ఎవరికి చెప్తాను? పై వాటా ఆవిడ కుక్కని తాడు పట్టుకుని లిఫ్టులోకి లాక్కుపోతుంటే నోటిదాకా వచ్చింది, ఊరుకున్నా."

ఆమె ఏదో అంది, సరే అందో, తెస్తాను అందో. ఫోను బల్ల మీద పెట్టింది. పక్కన డిజైనర్ కాళ్ళు ఊపుతూనే ఉన్నాడు. మర్చిపోలేదు. వదిన ఏదీ మర్చిపోలేదు. ఆ రోజు మందు రాస్తూ అన్నిసార్లు రాసిందే, అప్పుడే తెలుసు, తలుపు ఎందుకు ఆగలేదో, ఎన్నాళ్ళ నుంచి చూడలేదో, అన్నీ తెలుసు. తెలిసి అత్తగారిని దింపింది, మొగుణ్ణి దింపింది, కూతుర్ని దింపింది, ఇవాళ కస్టమర్లని కూడా మెట్ల మీద నడిపించుకొచ్చింది, తనవాళ్ళు అనుకున్న వాళ్ళందరినీ ఒక్కొక్కళ్ళనీ దింపేసి, మిగతా ఊరంతటినీ ఎక్కించడానికి టీవీ ముందు నిలబడింది. మరి నేను? నాకెందుకు చెప్పలేదు? నాకు చెప్తే ఎందుకని అడుగుతాను కాబట్టి, ఎందుకని అడిగితే ఫైలు తెరుస్తాను కాబట్టి. నాకు చెప్పలేదు. చెప్పకపోగా బ్యాగు తగిలించి ఎక్కించింది. రోజూ. పట్టీలు వేలాడే రెండు బ్యాగులు, నువ్వు లిఫ్టులో రా. ఎవరు ముందొస్తారో చూద్దాం. అరికాలి మంట నెత్తికెక్కడం అంటారే, అది మాట కాదు, నిజంగా ఎక్కుతుంది, పాదాల్లోంచి మొదలై పిక్కల్లోంచి నడుములోంచి చెవుల దాకా వచ్చి అక్కడ ఆగింది, చెవులు రెండూ కాలుతున్నాయి. ఇన్నేళ్ళూ నేను నమ్మింది ఏ వదినని? చలికాలం నాటి వదినని. అంతకు ముందటి ఏ చలికాలం నాటిదో. రోజూ కొత్తగా చూడకుండా, ఆ పాత వదినకి వేసిన పచ్చ రంగునే ఈ వదిన మీద పరుచుకుంటూ వచ్చింది తను కూడా.

సరే, ముందు పని. ఫోను తీసి అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కి చేసింది. లిఫ్టు స్విచ్చి కట్టెయ్, నేను చెప్పానని చెప్పు, ఎవరడిగినా నాతో మాట్లాడమను, లేదు, ఇప్పుడే, నేను ఫోనులోనే ఉంటా, కట్టి చెప్పు. కట్టాడు. పై వాటా ఆవిడ గొడవ చేస్తోందమ్మా అన్నాడు. చెయ్యనీ. ఓ తెల్ల కాగితం తీసి, లావు పెన్నుతో, లిఫ్టు ఎక్కకండి, తలుపు ఆగదు, అని రాసి, నడవా చివరికి పోయి లిఫ్టు తలుపు మీద టేపుతో అంటించింది, వెనక్కొచ్చి కూర్చుంది. చక్రం ఆగిపోయి ఉంది. టెస్టులు అయ్యాయి. రిపోర్టు పంపుతున్నాం, అంటోంది తెర, పేర్లు వరసగా వస్తున్నాయి, మోటారు, బటన్లు, అంతస్తులు. తలుపు లేదు. తలుపు ఎలా వస్తుంది, తలుపు టార్పాలిన్ కింద ఉంది.

సెట్టింగుల పేజీ తెరిచే ఉంది. పాతదాన్నే కొనసాగించు. టిక్కు తీసింది. నిజంగానా అని అడిగింది సైటు. నిజంగానే అని నొక్కింది. కాసేపు ఏమీ అవలేదు. ఆ కాసేపట్లోనే అద్దాల గదిలో కస్టమరు ఏదో జోకు వేశాడు, అందరూ నవ్వారు, వదిన కూడా నవ్వింది, తల వెనక్కి వేసి. తర్వాత టీవీ మారింది. ముఖాల మీద పచ్చ పోయి ఎరుపు పడింది, ముందు కస్టమరుకి, తర్వాత తొంభై గారికి. వదిన మాత్రం టీవీ వైపు తిరగలేదు. వాళ్ళ ముఖాలు చూసింది, తిన్నగా అద్దంలోంచి ఈమెని చూసింది. అంకె అరవైకి దిగిపోయింది. తలుపు ఫైలు తెరిచి చూసుకుంది ఆమె, పై నుంచి కింద దాకా ఎరుపు, ప్రతి వరసా. ఎన్నాళ్ళకో సరైన వరసల మీద సరైన రంగు పడింది. సాయంత్రం పంపకం ఆగింది అని కింద చిన్న అక్షరాల్లో వచ్చింది.

వదిన బయటికొచ్చింది. తలుపు మెల్లగానే వేసింది, నడక కూడా మెల్లగానే, దగ్గరికొచ్చాక బల్ల మీద రెండు చేతులూ ఆనించి వంగింది.

"ఏం చేశావే? నేను వచ్చేదాకా ఆగమన్నానా లేదా?"

ఆమె లేచి నిలబడింది. వదిన బ్యాగు ఈమె కుర్చీ పక్కనే ఉంది, పొద్దున లిఫ్టులో తెచ్చి పెట్టింది పెట్టినట్టే. దాన్ని తీసింది, వేలాడే పట్టీని శ్రద్ధగా చుట్టింది.

"అమ్మ ఫోను చేసింది," అంది. "మెట్లు దిగి సబ్బులు తెచ్చుకుందట. మీరు ఒట్టు వేయించుకున్నారటగా."

మీరు అని ఈమె వదినని పెళ్ళినాటి నుంచీ అనలేదు. వదిన చేతులు బల్ల మీంచి లేచాయి. దొంగకి తేలు కుట్టినట్టు నోరు కొంచెం తెరిచి అలాగే ఉంది. అద్దాల గదిలోంచి తొంభై గారు పిలుస్తున్నాడు, ఇద్దరూ తిరగలేదు.

"అది... అత్తయ్య పెద్దావిడ కదే," అంది వదిన. "నువ్వు చూసుకుంటావులే అని..."

"మరి ఊళ్ళో మిగతావాళ్ళందరి చేతా ఎవరు ఒట్టు వేయించుకుంటారు?"

ఈమె బ్యాగు వదిన చేతిలో పెట్టింది.

"ఇదిగోండి మీ బ్యాగు. ఇంక మీరే మోసుకోండి," అంది, కూర్చుంది, తలుపుని పార్కింగు లోంచి పైకి తెప్పించడానికి ఎవరిని పిలవాలో ఫోనులో వెతకడం మొదలుపెట్టింది.

వదిన బ్యాగు గుండెకి ఆనించి పట్టుకుని నడవా వెంట నడిచింది. లిఫ్టు ముందు ఆగి, కాగితం మీద రాసింది చదివింది. చదివి, మెట్ల తలుపు తోసుకుని వెళ్ళింది.